గేర్‌బాక్స్ లైట్ వెలిగితే కోడ్ మనకెందుకు చూపించరు?

ఫోన్ బ్యాటరీ హెల్త్ 89 శాతం నుంచి 88కి పడితే స్క్రీన్‌షాట్ తీసి ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టే బ్యాచ్ మనది. ప్రాసెసర్ ఎంత వేడెక్కింది, ఏ యాప్ ఎంత ర్యామ్ తింటోంది, ఛార్జర్ ఎన్ని వాట్లు ఇస్తోంది, అన్నీ చూస్తాం. ఇరవై వేల ఫోన్ మనకు ఇంత సమాచారం ఇస్తుంది. మరి పన్నెండు లక్షలు పెట్టి, ఐదేళ్లు ఈఎంఐ కట్టే ఆటోమేటిక్ కారు సంగతేంటి? లోపల ఏదైనా తేడా వస్తే ఒక చిన్న పసుపు బొమ్మ చూపించి ఊరుకుంటుంది. పంటి చక్రం, మధ్యలో ఆశ్చర్యార్థకం. అంతే. మిగతాది సర్వీస్ సెంటర్ వాళ్లు చెబితే వినాలి.

నా ఒపీనియన్ ముందే చెప్పేస్తా. ఆ బొమ్మ వెనకాల ఒక కోడ్ ఉంటుంది. ఆ కోడ్ బండి ఓనర్‌ది. దాన్ని ఓనర్‌కు చూపించకపోవడానికి టెక్నికల్ కారణం ఒక్కటి కూడా లేదు. కారులో పది అంగుళాల టచ్‌స్క్రీన్ ఉంది, ఈ-సిమ్ ఉంది, ఫోన్‌లో కంపెనీ యాప్ ఉంది. ఐదు అక్షరాల కోడ్ చూపించడానికి ఇంకేం కావాలి?

ఈ గొడవ మన ఏరియాలోనే ఎక్కువ, ఎందుకంటే...

ఇండియాలో ఆటోమేటిక్ అంటే ఒకప్పుడు పెద్ద కార్ల సంగతి. 2014లో మారుతి సెలేరియో ఏఎంటీతో వచ్చాక సీన్ మారింది. మామూలు మాన్యువల్ గేర్‌బాక్స్‌కే క్లచ్ నొక్కే, గేర్ మార్చే మెషీన్ ఒకటి తగిలించి తక్కువ ధరలో ఆటోమేటిక్ ఇచ్చేశారు. ఆ తర్వాత చిన్న ఎస్‌యూవీల్లోకి డీసీటీలు, సీవీటీలు దిగాయి. కూకట్‌పల్లి నుంచి రాయదుర్గం దాకా రోజూ క్లచ్ తొక్కి ఎడమ మోకాలు అరిగినవాళ్లు ఎవరైనా రెండో కారు ఆటోమేటిక్ కాకుండా కొంటారా చెప్పండి?

కానీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు మన కారిడార్ లాంటి పరీక్ష ఇంకోటి లేదు. సాయంత్రం ఆరున్నరకు మైండ్‌స్పేస్ జంక్షన్ నుంచి బయోడైవర్సిటీ వైపు, లేదంటే ఐకియా ముందు నుంచి గచ్చిబౌలి వైపు వెళ్లండి. గంటకు ఐదారు కిలోమీటర్ల స్పీడులో పాకడమే. ముందున్న బండి రెండడుగులు జరిగితే మనం రెండడుగులు. ఫ్లైఓవర్ ఎక్కే చోట వాలు. పైన నలభై డిగ్రీల ఎండ.

ఈ పాకుడులో లోపల ఏం జరుగుతుందో తెలిస్తే లైట్ ఎందుకు వెలుగుతుందో సగం అర్థమైపోతుంది. ఏఎంటీ, డ్రై క్లచ్ డీసీటీ, ఈ రెండింట్లోనూ క్లచ్ ప్లేట్ ఉంటుంది. బండి చాలా నెమ్మదిగా కదులుతున్నప్పుడు ఆ ప్లేట్ పూర్తిగా అతుక్కోదు, పూర్తిగా వదలదు. సగం రాసుకుంటూ ఉంటుంది. ఆ రాపిడి అంతా వేడే. వాలు మీద బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టారంటే ఆ వేడి ఇంకా తొందరగా పెరుగుతుంది. టార్క్ కన్వర్టర్ బండ్లలో ఈ పని ఆయిల్ చేస్తుంది కాబట్టి పాకుడును బాగానే తట్టుకుంటాయి, కానీ అక్కడా ఆయిల్ వేడెక్కుతుంది. సీవీటీలో బెల్ట్, పుల్లీలు, వాటిని పట్టి ఉంచే ఆయిల్ ప్రెషర్. అందులో కంపెనీ చెప్పిన ఆయిల్ తప్ప వేరేది పోస్తే కథ కంచికే.

దీనికి వానాకాలం తోడు. 2023 జులైలో వానలు దంచికొట్టినప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలను దశలవారీగా లాగౌట్ చేయించమని కోరాల్సి వచ్చింది. అందరూ ఒకేసారి రోడ్డెక్కితే నీళ్లు నిలిచిన చోటే గంట ఇరుక్కుంటాం. గేర్‌బాక్స్ చుట్టూ ఉన్న వైరింగ్, కనెక్టర్లు తడిస్తే రెండు రోజుల తర్వాత ఎండలో కూడా లైట్ రావచ్చు. గేర్‌బాక్స్ బాగానే ఉన్నా సరే.

ఏ లైట్‌కు ఏం అర్థం?

ముందు రంగు చూడండి. ఎరుపంటే ఇప్పుడే ఆపు. పసుపంటే తొందరగా చూపించుకో. ఇది దాదాపు అన్ని కంపెనీలకూ కామన్.

తర్వాత బొమ్మ. పంటి చక్రం లోపల ఆశ్చర్యార్థకం ఉంటే గేర్‌బాక్స్ సిస్టమ్‌లో తేడా. చక్రంలో థర్మామీటర్ ఉంటే వేడి. కొన్ని బండ్లలో వేరే బొమ్మ ఉండదు, డీ అక్షరమో గేర్ నంబరో బ్లింక్ అవుతుంది. కొన్నింట్లో మామూలు చెక్ ఇంజన్ లైటే వెలుగుతుంది, దాని అసలు కారణం గేర్‌బాక్స్ అయి ఉంటుంది. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఇంజన్ లైట్ కదా అని ఇంజన్ ఆయిల్ మార్పించుకుని వస్తారు.

డీసీటీ బండ్లలో కొన్నింటికి స్క్రీన్ మీద మెసేజ్ వస్తుంది. గేర్‌బాక్స్ వేడెక్కింది, బండి పక్కకు ఆపి ఇంజన్ ఆన్‌లోనే ఉంచండి అని. చాలామంది భయంతో వెంటనే ఇంజన్ ఆపేస్తారు. ఆన్‌లో ఉంచమని చెప్పినప్పుడు ఉంచాలి. పీలో పెట్టి, చల్లబడింది అని మెసేజ్ వచ్చేదాకా ఆగాలి. మీ బండి మాన్యువల్‌లో ఈ ఒక్క పేజీ ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. సైబర్ టవర్స్ సిగ్నల్ దగ్గర వెనకాల యాభై హారన్లు మోగుతుంటే పుస్తకం తిరగేసే టైమ్ ఉండదు.

ఇంకోటి లింప్ మోడ్. బండి ఒక్క గేర్‌లోనే ఇరుక్కుని, ఎంత తొక్కినా స్పీడ్ అందుకోదు. గేర్‌బాక్స్ చచ్చిపోయిందని కంగారు పడతాం. నిజానికి అది తనను తాను కాపాడుకుంటోంది. ఏదో లెక్క తప్పిందని కంప్యూటర్‌కు అనుమానం వచ్చి, నష్టం పెరగకుండా ఒక సేఫ్ గేర్‌లో లాక్ చేస్తుంది. విండోస్ సేఫ్ మోడ్ లాంటిదే. ఆ స్థితిలో ఓఆర్ఆర్ ఎక్కొద్దు, అంతే.

కోడ్ అంటే లాగ్ లైన్, తీర్పు కాదు

ఇప్పుడు మనకిష్టమైన పార్ట్. కారులోని కంప్యూటర్ తేడాను గమనించగానే ఒక ట్రబుల్ కోడ్ రాసుకుంటుంది. మొదటి అక్షరం ఏ ఏరియానో చెబుతుంది. పి అంటే ఇంజన్, గేర్‌బాక్స్. సి అంటే బ్రేకులు, స్టీరింగ్ లాంటివి. బి అంటే బాడీ. యు అంటే కంప్యూటర్ల మధ్య నెట్‌వర్క్. రెండో అంకె 0 అయితే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం, 1 అయితే ఆ కంపెనీ సొంత కోడ్. మూడో అంకె 7, 8 లేదా 9 అయితే గేర్‌బాక్స్ సంగతి.

కోడింగ్ చేసేవాళ్లకు ఒక సరదా విషయం. ఈ కోడ్ మొత్తం రెండు బైట్లే. మొదటి రెండు బిట్లు అక్షరం: 00 అంటే పి, 01 సి, 10 బి, 11 యు. అందుకే పి0741 అనేది లోపల 07 41 అనే హెక్స్ మాత్రమే. మోడ్ 03 అని అడిగితే బండి 43తో మొదలుపెట్టి జవాబిస్తుంది, ఆ వెనకే ఈ బైట్లు వస్తాయి. ఇంతకు మించి మాయలేదు.

తరచూ కనిపించే గేర్‌బాక్స్ కోడ్స్ ఇవి:

• పి0705: మీరు పీలో ఉన్నారా, డీలో ఉన్నారా చెప్పే సెన్సర్ సర్క్యూట్‌లో తేడా.
• పి0715, పి0720: గేర్‌బాక్స్‌లోకి వచ్చే స్పీడ్, బయటికి వెళ్లే స్పీడ్ కొలిచే సెన్సర్ల సర్క్యూట్లు.
• పి0730: ఆ రెండు స్పీడ్‌ల నిష్పత్తి, ఉండాల్సిన గేర్ నిష్పత్తితో కలవడం లేదు. లోపల జారుతుండొచ్చు, ఆయిల్ తగ్గి ఉండొచ్చు, సెన్సరే అబద్ధం చెబుతుండొచ్చు.
• పి0741: టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ సరిగా పట్టడం లేదు. హైవే మీద ఆర్పీఎం ఎక్కువగా ఉండి మైలేజ్ పడిపోతే దీని మీద అనుమానం పెట్టుకోండి.
• పి0750: గేర్ మార్చే సోలెనాయిడ్లలో ఒకటి.
• పి0218: గేర్‌బాక్స్ మితిమీరి వేడెక్కింది.
• యు0101: గేర్‌బాక్స్ కంప్యూటర్‌తో మాటలు తెగిపోయాయి. వైరింగ్, ఫ్యూజ్, నీళ్లు. ముందు అవే చూడాలి.

గమనించారా, ఏ కోడ్ కూడా ఫలానా పార్ట్ మార్చు అని చెప్పడం లేదు. ఫలానా చోట లెక్క తేలడం లేదు అంటోంది. ప్రొడక్షన్‌లో టైమౌట్ ఎర్రర్ వచ్చిందని సర్వర్ మార్చేస్తామా? లాగ్ చూస్తాం, దాని ముందు వెనక చూస్తాం. ఇదీ అంతే. కోడ్ చూసి పార్ట్ మార్చేవాడు మెకానిక్ కాదు, పార్ట్స్ అమ్మేవాడు.

పి0700: అన్నింటికంటే చిరాకు పుట్టించే కోడ్

గేర్‌బాక్స్ లైట్ వచ్చినవాళ్లు ఆన్‌లైన్‌లో చవక రీడర్ కొని గుచ్చితే ఎక్కువగా కనిపించేది ఇదే. దీని అర్థం: గేర్‌బాక్స్ కంట్రోల్ సిస్టమ్‌లో ఏదో ఉంది. ఏదో ఏంటి? చెప్పదు.

కారణం సింపుల్. ఆటోమేటిక్ బండిలో ఇంజన్‌కు ఒక కంప్యూటర్, గేర్‌బాక్స్‌కు టీసీఎం అనే ఇంకో కంప్యూటర్. కొన్ని బండ్లలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. టీసీఎం తన దగ్గర అసలు కోడ్ రాసుకుని, నాకో ప్రాబ్లమ్ ఉంది, లైట్ వెయ్యి అని ఇంజన్ కంప్యూటర్‌కు చెబుతుంది. ఇంజన్ కంప్యూటర్ పి0700 అని రాసుకుని లైట్ వేస్తుంది. అంటే సబ్జెక్ట్ లైన్‌లో 'నాట్ వర్కింగ్' అని మాత్రమే రాసి మనకు అసైన్ చేసిన టికెట్ లాంటిది. అసలు డిస్క్రిప్షన్ టీసీఎంలో ఉంది.

చవక యాప్స్ చాలావరకు ఇంజన్ కంప్యూటర్‌ను మాత్రమే అడిగి ఆగిపోతాయి. క్యాన్ బస్ మీద మామూలుగా ఇంజన్ అడ్రస్ 7ఈ0, గేర్‌బాక్స్ అడ్రస్ 7ఈ1. రెండో అడ్రస్‌ను కూడా అడిగే యాప్, దానికి సహకరించే రీడర్ ఉంటేనే పని అవుతుంది. కాబట్టి పి0700 చూపించి, గేర్‌బాక్స్ పోయింది సార్ అని ఎవరైనా అంటే, లోపలి కోడ్ ఏంటన్నా అని అడగండి. జవాబు లేకపోతే అక్కడ డబ్బులు పెట్టొద్దు.

అసలు ఈ పరిస్థితి ఎందుకు? చట్టం మొదలైంది మనకోసం కాదు, పొగ కోసం. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఓబీడీ-2 తప్పనిసరి చేసింది కాలుష్యాన్ని పట్టుకోవడానికే. మన దగ్గర 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ-1, 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 కార్లకు వచ్చింది కూడా ఉద్గారాల నిబంధనల కిందే. అందుకే పొగకు సంబంధించిన కోడ్స్ ఎవరైనా చదవొచ్చు. పొగతో సంబంధం లేనివి చాలావరకు కంపెనీ దయ.

"మీ డ్రైవింగ్ స్టైల్ సార్"

నా కొలీగ్ ఒకరి కేస్ చెబుతా. బండి పేరు, సర్వీస్ సెంటర్ పేరు చెప్పను. మూడేళ్ల ఏఎంటీ. పొద్దున స్టార్ట్ చేస్తే ఒక్కోసారి గేర్ పడదు, న్యూట్రల్‌లోనే ఉండిపోతుంది, పంటి చక్రం వెలుగుతుంది. సర్వీస్ సెంటర్‌లో క్లచ్ సెట్, యాక్చుయేటర్ మార్చాలన్నారు. ఎస్టిమేట్ నలభై వేల పైనే. ఇంత తొందరగా ఎందుకు పోయిందంటే, "మీ డ్రైవింగ్ స్టైల్ సార్, ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ అయితది" అన్నారు. కోడ్ ఏంటని అడిగితే, "అది మా సిస్టమ్‌లో ఉంటది సార్, కస్టమర్‌కు ఇయ్యం."

బండిని అక్కడి నుంచి తీసుకొచ్చాం. ఆఫీస్ పార్కింగ్‌లో నా రీడర్ పెట్టి చూస్తే గేర్‌బాక్స్ కోడ్‌తో పాటు పి0562 కూడా ఉంది. సిస్టమ్ వోల్టేజ్ తక్కువ అని దానర్థం. ఏఎంటీలో క్లచ్ నొక్కే హైడ్రాలిక్ ప్రెషర్ తయారయ్యేది ఎలక్ట్రిక్ పంపుతో. బ్యాటరీ నీరసంగా ఉంటే పంపు నీరసం, ప్రెషర్ రాదు, గేర్ పడదు. బ్యాటరీ బండితో వచ్చిన ఒరిజినలే. కొత్తది వేయించి, కోడ్స్ క్లియర్ చేశాక లైట్ మళ్లీ రాలేదు.

అన్ని కేసులూ ఇలా చవగ్గా తేలవు. కొన్నిసార్లు నిజంగానే క్లచ్ పోతుంది. నా పాయింట్ అది కాదు. పి0562 అనే ఐదు అక్షరాలు ఓనర్‌కు మొదటే కనిపించి ఉంటే, నలభై వేల మాట మాట్లాడే ముందు బ్యాటరీ చెక్ చేశారా అని అడిగేవాడు. సమాచారం ఒక వైపే ఉన్నప్పుడు బేరం కూడా ఒక వైపే నడుస్తుంది.

ఇది మన ఊరి సమస్యే కాదు. ఆస్ట్రేలియాలో ఫోర్డ్ పవర్‌షిఫ్ట్ డ్యూయల్ క్లచ్ కార్లు వణికిపోతున్నాయని కస్టమర్లు ఫిర్యాదు చేస్తే, అది మీరు నడిపే తీరు వల్లే అని కొందరికి చెప్పారు. లోపాల సంగతి కంపెనీకి తెలిసీ అలా చెప్పిందని అక్కడి వినియోగదారుల సంస్థ ఏసీసీసీ కోర్టుకెళ్లింది. 2018 ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల పెనాల్టీ వేసింది. డ్రైవింగ్ స్టైల్ అనే మాటకు ఎదురు నిలిచేది డేటా ఒక్కటే. ఏ టైమ్‌లో, ఏ వేడి దగ్గర, ఏ స్పీడ్‌లో తేడా వచ్చిందో బండి రాసుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. మన తరఫు సాక్షి అదే.

ఫోన్‌తో చదవాలంటే

స్టీరింగ్ కింద, ఫ్యూజ్ బాక్స్ చుట్టుపక్కల 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. అందులో రీడర్ గుచ్చి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫోన్‌లో టార్క్ లేదా కార్ స్కానర్ లాంటి యాప్ తెరిస్తే చాలు. కొనేముందు కొన్ని విషయాలు:

• ఆన్‌లైన్‌లో వందల రూపాయలకు దొరికే ఈఎల్‌ఎం327 డబ్బాలు దాదాపు అన్నీ క్లోన్లే. అసలు చిప్ చేసింది కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్, ఆ కంపెనీ 2022లో మూతపడింది. వెర్షన్ 1.5 అని గొప్పగా రాసి ఉంటే నవ్వుకోండి, ఆ పేరుతో ఎల్మ్ ఎప్పుడూ చిప్ విడుదల చేయలేదు.
• కొన్ని క్లోన్లలో సగం కమాండ్స్ పనిచేయవు. ఇంజన్ కోడ్ చదువుతాయి, టీసీఎం దగ్గరికి రాగానే చేతులెత్తేస్తాయి. గేర్‌బాక్స్ కోసమే అయితే కాస్త ఎక్కువ పెట్టి పేరున్న రీడర్ తీసుకోండి.
• ఐఫోన్ వాళ్లు పాత బ్లూటూత్ రీడర్ కొనొద్దు, పెయిర్ కాదు. బ్లూటూత్ లో ఎనర్జీ లేదా వైఫై రకం కావాలి. వైఫై రకంతో ఫోన్‌లో ఇంటర్నెట్ ఆగిపోవచ్చు.
• పని అయ్యాక తీసేయండి. ఆ సాకెట్‌లో 16వ పిన్ నేరుగా బ్యాటరీ కరెంట్. వారం రోజులు బండి తీయకపోతే రీడరే బ్యాటరీని పీల్చేస్తుంది. పైగా 1234 పాస్‌వర్డ్‌తో బ్లూటూత్ ఓపెన్‌గా పెట్టి వెళ్లడం సెక్యూరిటీ పరంగా కూడా తలనొప్పే.

అన్నింటికంటే ముఖ్యమైనది, క్లియర్ బటన్ నొక్కొద్దు. ముందు స్క్రీన్‌షాట్. కోడ్, ఫ్రీజ్ ఫ్రేమ్, ఓడోమీటర్ రీడింగ్, అన్నీ. క్లియర్ చేస్తే లైట్‌తో పాటు సాక్ష్యం కూడా పోతుంది. రోడ్డు పక్కన "లైట్ ఆర్పేస్తా అన్నా, ఐదొందలియ్యు" అనేవాడు చేసేది ఈ ఒక్క బటన్ నొక్కడమే. నొప్పి ఎక్కడుందో చూడకుండా నోరు మూసినట్టు.

సెకండ్ హ్యాండ్ కొంటున్నారా? ఇది చూడండి

ఈ ట్రిక్ వల్ల రీడర్ డబ్బులు ఒక్క డీల్‌లో వెనక్కి వస్తాయి. అమ్మే ముందు కోడ్స్ క్లియర్ చేసి డ్యాష్‌బోర్డ్ క్లీన్‌గా చూపించడం పాత ఆటే. కానీ చాలా బండ్లు కోడ్స్ క్లియర్ చేశాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో లెక్క పెట్టుకుంటాయి. యాప్‌లో డిస్టెన్స్ సిన్స్ కోడ్స్ క్లియర్డ్ అని వెతకండి. స్టాండర్డ్‌లో దాని నంబర్ 31, హెక్స్‌లో. యాభై వేలు తిరిగిన బండిలో అది 12 కిలోమీటర్లు చూపిస్తే, నిన్ననే ఎవరో తుడిచారు. బ్యాటరీ మార్చినా ఇది సున్నా కావచ్చు కాబట్టి బిల్లు అడగండి.

దాంతో పాటు రెడీనెస్ మానిటర్లు చూడండి. అన్నీ నాట్ రెడీ అని ఉంటే అదే కథ. పెండింగ్ కోడ్స్ కూడా చూడండి. చాలా కోడ్స్‌కు వరసగా రెండు డ్రైవ్‌లలో తేడా కనిపిస్తేనే లైట్ వెలుగుతుంది. మొదటిసారి కనిపించింది పెండింగ్‌లో ఉంటుంది. టెస్ట్ డ్రైవ్‌ను అర కిలోమీటర్‌తో ముగించకుండా, ఏదో ఒక ఫ్లైఓవర్ ఎక్కించి, కాసేపు ట్రాఫిక్‌లో పాకించి, తర్వాత పెండింగ్ లిస్ట్ తెరవండి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే అదే మీకు జవాబు.

కంపెనీల వాదన, నా జవాబు

కంపెనీలు చెప్పే మొదటి మాట సెక్యూరిటీ. ఇది ఉత్త సాకు కాదు. 2015లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, శాన్ డియాగో పరిశోధకులు ఇదే సాకెట్‌లో పెట్టిన ఒక డాంగిల్ ద్వారా, ఎస్‌ఎంఎస్‌లు పంపి కార్వెట్ కారు బ్రేకులను ఆడించి చూపించారు. కాబట్టి ఎవరుపడితే వారు బండి కంప్యూటర్‌లోకి రాసే వీలు ఉండొద్దు. ఒప్పుకుంటా.

కానీ మన ఏరియాలో ఏ ఫ్రెషర్‌ను అడిగినా చెబుతాడు, రీడ్ యాక్సెస్ వేరు, రైట్ యాక్సెస్ వేరు. ప్రొడక్షన్ డేటాబేస్ మీద రీడ్-ఓన్లీ రోల్ ఇవ్వడం మనకు రోజూ జరిగే పనే. నా బండి కోడ్ నేను చదివితే బ్రేకులు ఆగిపోవు. కోడ్‌ను సొంత స్క్రీన్ మీదే చూపిస్తే బయటి డాంగిల్ అవసరమే తగ్గుతుంది, అంటే సెక్యూరిటీ ఇంకా పెరుగుతుంది.

రెండో మాట, కస్టమర్‌కు అర్థం కాదు, కంగారు పడతాడు అని. బ్లడ్ టెస్ట్ రిపోర్ట్ కూడా అందరికీ అర్థం కాదు. అయినా ల్యాబ్ వాళ్లు మన చేతికే ఇస్తారు. మనం ఇంకో డాక్టర్‌కు చూపించుకుంటాం. నాకు కావాల్సింది ఆ సెకండ్ ఒపీనియన్ హక్కే.

కొన్ని కంపెనీల కనెక్టెడ్ యాప్స్‌లో వెహికల్ హెల్త్ రిపోర్ట్, కోడ్ చెక్ లాంటివి ఉన్నాయి. అది మంచి అడుగే. కానీ గేర్‌బాక్స్‌లో తేడా, సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి అని ఒక్క లైన్‌తో ఆగితే అది పంటి చక్రం బొమ్మకు అనువాదం మాత్రమే. కోడ్, టైమ్, ఫ్రీజ్ ఫ్రేమ్, ఈ మూడూ డౌన్‌లోడ్ చేసుకునే బటన్ ఉండాలి.

మన దేశంలో ఈ మాట కొత్తది కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్లకు పైగా పెనాల్టీ వేసింది. స్పేర్ పార్ట్స్‌తో పాటు డయాగ్నస్టిక్ టూల్స్ బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదన్నది అందులో ముఖ్యమైన అభ్యంతరం. తర్వాత అప్పీళ్లు నడిచాయి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసి, అదే డిసెంబర్‌లో పోర్టల్ తెరిచింది. మొబైళ్లు, గృహోపకరణాలు, వ్యవసాయ పరికరాలతో పాటు ఆటోమొబైల్ కూడా అందులో ఉంది. ఫోన్ బ్యాటరీ మార్చుకునే హక్కు గురించి మనం ఎంత గట్టిగా మాట్లాడామో, గేర్‌బాక్స్ కోడ్ గురించి అంతే గట్టిగా మాట్లాడాలి.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చేస్తున్నాయి కదా, వాటికి ఇన్ని గేర్లే ఉండవు కదా అనొచ్చు. నిజమే. కానీ పొగ గొట్టం లేని బండికి పొగ చట్టం వర్తించదు. అంటే ఎవరైనా చదవగలిగే ఆ కొద్దిపాటి స్టాండర్డ్ కోడ్స్ కూడా అక్కడ గ్యారంటీ కాదు. ఇప్పుడు గేర్‌బాక్స్ కోసం అడగకపోతే రేపు బ్యాటరీ ప్యాక్ గురించి అడిగే నోరు మనకుండదు. అక్కడ ఎస్టిమేట్ నలభై వేలు కాదు, లక్షల్లో ఉంటుంది.

నేను అడిగేవి మూడు

ఒకటి, గేర్‌బాక్స్ లైట్ వెలిగినప్పుడు కారు స్క్రీన్ మీదే పూర్తి కోడ్, తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో ఒక్క వాక్యం అర్థం. రెండు, జాబ్ కార్డ్ మీద స్కాన్ రిపోర్ట్ తప్పనిసరి, పని మొదలుపెట్టే ముందు ఒకటి, అయ్యాక ఒకటి. మూడు, రీడ్-ఓన్లీ కోడ్స్ అన్నీ, టీసీఎంతో సహా, బయటి మెకానిక్‌లకు న్యాయమైన ధరకు.

ఇదేమీ రాకెట్ సైన్స్ కాదు. గేర్‌బాక్స్‌లకు ప్రపంచంలో పేరున్న జెడ్‌ఎఫ్ 2017లో టెక్ సెంటర్ పెట్టింది హైదరాబాద్‌లోనే. హ్యుందాయ్ ఇంజనీరింగ్ సెంటర్ కూడా ఇక్కడే ఉంది. కార్ల సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాళ్లు ఇదే ఐటీ కారిడార్‌లో, మన పక్క లేన్‌లోనే ఇరుక్కుని ఉన్నారు. ఆ ఐదు అక్షరాలను స్క్రీన్ మీదికి తేవడం వాళ్లకు ఒక స్ప్రింట్ పని. ఆ టికెట్ బ్యాక్‌లాగ్‌లో పైకి రావాలంటే మాత్రం కస్టమర్లు అడగాలి.

కాబట్టి నెక్స్ట్ సర్వీస్‌కు వెళ్లినప్పుడు, లైట్ ఉన్నా లేకపోయినా, అడ్వైజర్‌ను ఒకటే అడగండి: "స్కాన్ రిపోర్ట్ ప్రింట్ ఇవ్వండి." ఇవ్వం అంటే, ఆ మాటే జాబ్ కార్డ్ మీద రాసి సంతకం పెట్టమనండి. సగం చోట్ల ప్రింట్ అప్పుడే వచ్చేస్తుంది.